మెట్ల మీద జట్లు

ఆదివారం డ్యూటీ పడకుండా చూసుకోవడమే గుణశేఖర్‌కు ఒక పెద్ద పని. పాకాల స్టేషన్‌లో టికెట్ల కౌంటర్లో కూర్చునే మనిషి అతను. తోటి గుమాస్తాల ఇళ్ళలో పండగలొచ్చినా పెళ్ళిళ్ళొచ్చినా తన సెలవులు వాళ్ళకు ధారపోసి, బదులుగా ఆదివారాలు పుచ్చుకునేవాడు. ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకు కూతురు నవీనను వెంటబెట్టుకుని చిత్తూరు పోవాలి. నవీనకు పదిహేనేళ్ళు. బేస్‌బాల్ ఆడుతుంది.

అదేం ఆట అని ఎవరైనా అడిగితే మొదట్లో అతను ఓపికగా విడమర్చి చెప్పేవాడు. బంతి విసిరే పిల్లను పిచ్చర్ అంటారని, ఎదురుగా కర్ర పట్టుకున్న పిల్ల దాన్ని కొట్టి, మూడు మూలలూ తొక్కి, బయలుదేరిన చోటికే తిరిగివస్తే ఒక పరుగని, ఆ కర్ర పిల్ల వెనక ముఖానికి ఇనప జాలీ కట్టుకుని, గొంతుక్కూర్చుని, వచ్చిన ప్రతి బంతినీ పట్టేది క్యాచర్ అని, తన కూతురు క్యాచర్ అని. పోను పోను విసుగొచ్చి, "క్రికెట్టా?" అంటే "అట్లాంటిదే" అనేసేవాడు.

చిత్తూరులో ఒక హైస్కూలు మైదానంలో ప్రాక్టీసు. ఒక పక్కన నాలుగు వరసల సిమెంటు మెట్లు. మైదానంలో పద్నాలుగు మంది ఆడపిల్లలు, మెట్ల మీద వాళ్ళ వెంట వచ్చిన ఆరుగురు పెద్దలు. గుణశేఖర్ మాత్రం కూర్చునేవాడు కాదు. గీత దాకా పోయి నిలబడి, "నవీనా, మోకాలు వంచు. గ్లౌజు పైకెత్తు. ఎడమపక్క సూడు" అని రెండు గంటలూ అరుస్తూనే ఉండేవాడు. అతను జన్మలో ఆ ఆట ఆడినవాడు కాదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదంతా అక్కడినుంచి కూతురికి అప్పజెప్పేవాడు.

జూన్ నెలలో ఒక ఆదివారం కోచ్ మునిప్రసాద్ సారు ఈల మెడలో వేలాడేసుకుని అతని దగ్గరికి వచ్చాడు.

"గుణన్నా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు అరిస్తే ఆ పిల్ల బాలును సూడదు, నిన్ను సూస్తాది. ఇంకమీదట మెట్ల మీద ఎవురూ నోరు తెరవకూడదు. అందరికీ చెప్తా ఉండా. నీకు ముందు చెప్తా ఉండా."

"దాని మంచికే గద సారూ."

"నాకు తెలీదాన్నా? అందుకే కూర్చోమంటా ఉండా. పొమ్మనడంలే."

గుణశేఖర్ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఇంటికి చేరేసరికి పళ్ళు బిగించి బిగించి దవడలు నొప్పి పుట్టాయి. భార్య రేవతి ఏమైందని అడిగితే సంగతి చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నోరు కట్టేశాక ఆ రెండు గంటలు ఏం చేయాలో అతనికి పాలుపోలేదు. పక్కన కూర్చునే రఘునాథ్ అతనికి దారి చూపించాడు. రఘునాథ్‌కు చిత్తూరులో పైపులూ కుళాయిలూ అమ్మే అంగడి ఉంది. అతని కూతురు మోహన కర్ర పట్టిందంటే బంతి మైదానం గోడ దాకా పోవాల్సిందే. రఘునాథ్ ఒకనాడు ఫోన్లో ఏదో నొక్కుకుంటూ ఉంటే గుణశేఖర్ తొంగిచూశాడు.

"క్రికెట్ అప్పా" అన్నాడు రఘునాథ్. "యాడెడో ఆడేవాళ్ళను మనం ఏరుకొని ఒక జట్టు కట్టుకోవాల. వాళ్ళు నిజంగా ఆడినప్పుడు ఎన్ని పరుగులు కొడితే మనకు అన్ని పాయింట్లు. డబ్బులు లేవులే, ఊరికే పొద్దుపోవడానికి."

గుణశేఖర్ ఆ వారమంతా రైలుకూ రైలుకూ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో గీతలు గీశాడు. ఆ పై ఆదివారం మెట్ల మీద అందరి ముందూ దాన్ని విప్పాడు. యాడెడో ఆడేవాళ్ళెందుకు, కళ్ళ ముందర ఆడేవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు గదా అన్నాడు. ఒక్కొక్కరూ ఇద్దరు పిల్లల్ని ఎంచుకోవాలి. ప్రాక్టీసు చివర జరిగే మ్యాచ్‌లో ఆ పిల్ల బంతిని కొట్టి మొదటి మూల చేరితే రెండు పాయింట్లు, పరుగు తీస్తే మూడు, పైకి లేచిన బంతిని పట్టుకుంటే ఒకటి, పిచ్చర్ ఎవరినైనా అవుట్ చేస్తే రెండు. చేతిలోకి వచ్చిన బంతి జారిపోతే ఒకటి కోత. ఏ వారం ఎవరి జట్టు గెలిస్తే, పై వారం వాళ్ళకు వేపచెట్టు నీడలో ఉన్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ.

"అంతా బాగుండాది గానీ ఒకటి" అన్నాడు రఘునాథ్. "ఎవురూ సొంత బిడ్డను ఎత్తుకోకూడదు. లేకుంటే ఆరుగురూ ఆరు బిడ్డల్ని ఎత్తుకోని పోతారు. ఇంక ఆట యాడిది?"

అందరూ సరేనన్నారు. చీటీలు వేశారు. గుణశేఖర్‌కు మొదటి వంతు వచ్చింది. అతను ఆలోచించకుండా మోహనను తీసుకున్నాడు. మామిడి మండీలో పనిచేసే జయచంద్ర రెండో వంతులో బాగా పరిగెత్తే పిల్లను తీసుకున్నాడు. మూడో వంతు నాగులమ్మది.

నాగులమ్మ కోర్టు వెనక టిఫిన్ అంగడి నడుపుతుంది. ఆదివారం కోర్టు ఉండదు కాబట్టి అంగడి మూసి వస్తుంది. జట్టుకు పిచ్చర్ అయిన మునీశ్వరి ఆమె కూతురే. ఆటలో ఏది ఏమిటో ఆమెకు సగం తెలుసు, సగం తెలియదు.

"నాకు గుణన్న పాప కావాల" అంది.

మెట్ల మీద అందరూ ఆమె వైపు తిరిగారు. క్యాచర్ పని బంతులు పట్టడం. అట్లా పట్టిన బంతులకు పాయింట్లు లేవు. జారిస్తే మాత్రం కోత ఉంది. పైగా నవీన కర్రతో అంత గట్టిగా కొట్టేది కాదు. గుణశేఖర్‌కే మొహమాటం వేసింది.

"బాగా ఆలోచించుకో అక్కా. ఇంకా మంచి ఆటగత్తెలు ఉండారు."

"నా బిడ్డ ఏసే బాలు పట్టుకునేది ఆ పిల్లే గదన్నా. ఇంక ఎవురిని ఎత్తుకునేది?"

ఎంపిక ముగిసేసరికి ఇద్దరు పిల్లలు మిగిలిపోయారు. వాళ్ళ పేర్లు వదిలేయడానికి గుణశేఖర్‌కు మనసొప్పలేదు. ఆ ఇద్దరి తల్లిదండ్రులు ఎన్నడూ మైదానానికి రారు, వాళ్ళకు తెలిసేదీ లేదు. అయినా ఏడో జట్టని ఒకటి రాసి వాళ్ళను అందులో చేర్చాడు. అందరూ దానికి మునిప్రసాద్ సారు జట్టని పేరు పెట్టారు.

అట్లా మొదలైన ఆట దసరా దాకా ఆగకుండా సాగింది. గుణశేఖర్ మోహన ఆటను కంటి రెప్ప కొట్టకుండా చూసేవాడు. ఆ పిల్ల కర్ర ఎత్తేముందు గ్లౌజు తాడు పంటితో కొరుకుతుందని, మొదటి బంతిని ఎప్పుడూ వదిలేస్తుందని, ఆ సంగతి రఘునాథ్‌కే తెలియదని అతను కనిపెట్టాడు. చెప్తే రఘునాథ్ ఆశ్చర్యపోయి, "పదైదేండ్లుగా బిడ్డను సాకతా ఉండా, నాకు కనబడలేదే" అన్నాడు. మొదటి ఆరు వారాల్లో నాలుగు వారాలు కుర్చీ గుణశేఖర్‌దే.

నాగులమ్మ మాత్రం వారం వారం అందరికన్నా అడుగున. ఒక వారం ఆమెకు సున్నా కన్నా తక్కువ వచ్చింది. అది చదివేటప్పుడు గుణశేఖర్ గొంతు తగ్గించాడు. తన కూతురి వల్ల ఆమె ఓడిపోతోందన్నది అతన్ని లోలోపల తినేస్తూ ఉండేది. చివరికి జయచంద్రను మెల్లగా ఆమె దగ్గరికి పంపించాడు. నవీన బదులు జయచంద్ర జట్టులోని పరుగుల పిల్లను తీసుకొమ్మని, అట్లా మార్చుకోవడానికి నియమం ఒప్పుకుంటుందని.

నాగులమ్మ నేరుగా గుణశేఖర్‌నే అడిగింది. "నీ బిడ్డ నా జట్టులో ఉంటే నీకేమన్నా కష్టంగా ఉండాదాన్నా?"

"నాకేం కష్టమక్కా. నువ్వు ఓడిపోతా ఉండావని."

"కుర్చీ లేకుంటే ఏం? మెట్టు ఉండాది గదా" అని ఆమె మైదానం వైపు తిరిగింది.

ఆ రోజు తిరుగు బస్సులో నవీన కిటికీ పక్కన కూర్చుని అరటిపండు తింటూ అంది. "నాయనా, నువ్వు ఇప్పుడు అరవడంలే."

అతనికి సంతోషం వేసింది. "సారు చెప్పినాడు గదమ్మా."

"ఊఁ. మోహన కొట్టినప్పుడు మాత్రం లేసి నిలబడతా ఉండావు."

అందులో నిష్ఠూరమేమీ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. తొక్క కిటికీలోంచి పారేసి కళ్ళు మూసుకుంది. 

నవంబరులో రాష్ట్ర పోటీలకు జట్టు ఎంపిక తిరుపతిలో పెట్టారు. పాత జిల్లా మొత్తానికి ఒకటే జట్టు. చిత్తూరు పిల్లలూ తిరుపతి పిల్లలూ ఎదురెదురుగా ఆడితే, షామియానా కింద కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు చూసి పదహారు పేర్లు రాస్తారు. మెట్ల మీది ఆరుగురూ వచ్చి అక్కడి మెట్ల మీద కూర్చున్నారు. అలవాటు కొద్దీ గుణశేఖర్ నోటుపుస్తకం తెచ్చాడు. ఆ రోజు పాయింట్లు రాయాల్సిన పని లేదు. అయినా పుస్తకం చేతిలో ఉంటే గుండెదడ కొంచెం నెమ్మదిస్తుందని తెచ్చుకున్నాడు.

మొదటి మూడు ఇన్నింగ్స్ బాగా నడిచాయి. మునీశ్వరి బంతులు చెప్పినట్టు పడుతున్నాయి. మోహన ఒకసారి రెండు మూలల దాకా కొట్టింది. నాలుగో ఇన్నింగ్స్‌లో తిరుపతి పిల్ల ఒకతె కర్ర తిప్పితే బంతి అంచుకు తగిలి వెనక్కి పోయింది. నవీన ఒక్క నిమిషం చేయి తొడ వెనక దాచుకుని, మళ్ళీ గొంతుక్కూర్చుంది.

తరువాత రెండు బంతులు ఆమె గ్లౌజులోంచి జారిపోయాయి. గుణశేఖర్ తల వంచుకుని కోత రాశాడు. ఇంకొకటి జారింది. ఇంకో కోత. షామియానా వైపు చూసే ధైర్యం చాలలేదు. ఇన్ని ఆదివారాలు, ఇన్ని బస్సులు, ఈ ఒక్కపూటే ఇట్లా కావాలా అనుకున్నాడు. కోపం కూడా వచ్చింది. పెన్ను గట్టిగా ఒత్తి గీస్తున్నాడు.

నాగులమ్మ పక్కకు జరిగింది. "అన్నా, రాసేది ఆపి పాప కుడిచెయ్యి సూడు."

"ఏమైంది?"

"బాలు తిరిగి ఇచ్చేటప్పుడు వేళ్ళు మూసుకోవడంలే. అరచేత్తో తోస్తా ఉండాది. రెండు ఓవర్ల నుంచీ సూస్తా ఉండా."

అది ఓవర్ల ఆట కాదని చెప్పబోయి గుణశేఖర్ ఆగాడు. చూశాడు. నవీన పట్టిన బంతిని గ్లౌజులోంచి తీసి మునీశ్వరికి విసిరింది. విసిరింది అనడానికి లేదు. బంతి రెండుసార్లు నేల తాకి పోయింది. మునీశ్వరి ముందుకొచ్చి అందుకుంది. నవీన ఆ చేతిని మళ్ళీ తొడ వెనక పెట్టుకుంది. ఇంత దూరం నుంచి వేళ్ళు కనిపించే మాట లేదు. అయినా ఆ భుజం ఎట్లా బిగుసుకుపోయిందో అతనికి కనిపించింది. పుట్టినప్పటినుంచీ ఎరిగిన భుజం అది.

ఇంకా రెండు ఇన్నింగ్స్ ఉన్నాయి. ఇప్పుడు ఆపితే పేరు రాయరు. అతను నాగులమ్మ ముఖం చూశాడు. నవీన బయటికి పోతే మునీశ్వరి బంతులు పట్టడానికి అలవాటు లేని పిల్ల వస్తుంది. పిచ్చర్ తడబడేది అప్పుడే. ఈ మాట చెప్పకుండా ఊరుకుని ఉంటే ఆమె కూతురికే మేలు. అది ఆమెకు తెలియక కాదు.

గుణశేఖర్ పుస్తకం మెట్టు మీద పెట్టి కిందికి దిగాడు. మునిప్రసాద్ సారు దగ్గరికి పోయి మెల్లగా చెప్పాడు. సారు చెయ్యెత్తి ఆట ఆపించాడు.

నవీన జాలీ పైకెత్తింది. ముఖమంతా చెమట. "ఏం కాలేదు నాయనా. నువ్వు పో."

అతను వాదించలేదు. జేబులోని పెన్ను తీసి ఇచ్చాడు. "ఇది పట్టుకో అమ్మా."

ఆమె పెన్ను వైపు చూసింది. చేయి చాపింది. పెన్ను వేళ్ళ మధ్య నిలవలేదు, మట్టిలో పడింది. ఉంగరపు వేలు వాచి నల్లబడి ఉంది. మునిప్రసాద్ సారు "అయ్యో తల్లీ" అని, ఇంకేమీ అనకుండా ఆమె కాళ్ళకు కట్టిన అట్టలు ఒక్కొక్కటే విప్పసాగాడు.

నవీన ఏడవలేదు. తన బదులు వచ్చిన పిల్లకు జాలీ సర్దుతూ, "మునీశ్వరి బాలు చివర్లో కిందికి దిగతాది. గ్లౌజు కింద పెట్టుకో, పైకి తీసుకుంటే చాలు" అని చెప్పింది. ఆ తరువాత వచ్చి తండ్రికి కొంచెం ఎడంగా కూర్చుంది. మునీశ్వరి మొదటి ఇద్దరికి బంతులు దారితప్పి వేసింది. మూడో పిల్ల నుంచి కుదురుకుంది.

సాయంత్రం పేర్లు చదివారు. మునీశ్వరి ఉంది. మోహన ఉంది. నవీన లేదు. అప్పటికే తండ్రీకూతుళ్ళిద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. పేర్ల సంగతి రఘునాథ్ ఫోన్ చేసి చెప్పాడు. తన కూతురి సంతోషం గొంతులో కనబడనివ్వకుండా అతను పడిన తంటా గుణశేఖర్‌కు అర్థమైంది. "మోహనకు నా మాటగా చెప్పప్పా, బాగా ఆడినాదని" అన్నాడు. ఎక్స్‌రేలో వేలి ఎముకకు సన్నటి చీలిక కనబడింది. నాలుగు వారాలు కట్టు.

రైల్లో ఇద్దరికీ ఎదురెదురు సీట్లు దొరికాయి.  చంద్రగిరి దాటాక గుణశేఖరే అడిగాడు.

"తగిలినప్పుడే చెప్పి ఉండొచ్చు గదమ్మా."

"చెప్తే నువ్వు ఏమంటావో నాకు తెలుసు."

"ఏమంటాను?"

"ఇంక రెండు ఇన్నింగ్సే గదా, ఓర్చుకో అంటావు. శ్రీకాళహస్తిలో అన్నావు. జ్వరంతో ఆడినా."

నిరుడు శ్రీకాళహస్తి మ్యాచ్ సంగతి అతను మరచిపోలేదు. మరచిపోకపోవడమేమిటి, జ్వరంతో కూడా ఆడిన కూతురని స్టేషన్‌లో అందరికీ చెప్పుకున్నాడు. పోర్టర్లకు కూడా చెప్పాడు. ఆ రోజు ఆమె వద్దన్నదా, వద్దనడానికి తాను సందిచ్చాడా అని ఇప్పటిదాకా ఆలోచించింది లేదు. కిటికీ బయట కొండలు వెనక్కి పోతున్నాయి.

"ఆ పొద్దు నేను చేసింది తప్పు" అన్నాడు.

నవీన తలెత్తి చూసింది. తండ్రి నోట ఆ మాట వస్తుందని ఆమె అనుకున్నట్టు లేదు. "నువ్వు ఈ పొద్దు ఆపుతావని నేను అనుకోలే" అంది. కట్టు చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, "నాకింకా కోపంగానే ఉండాది" అంది.

"ఉండనీ."

పాకాలలో దిగేటప్పుడు బ్యాగు అతను తీసుకోబోతే ఆమె ఎడమచేత్తో తానే తీసుకుంది.

కోపం మూడు రోజులు ఉంది. నాలుగో రోజు ఆదివారం. గుణశేఖర్ లేచేసరికి ఆమె తయారై కూర్చుంది. ఆడడానికి కుదరదు గానీ మైదానానికి పోతుందట. ఆరున్నర బస్సుకు ఇద్దరూ పోయారు. ఆ రోజు నవీన మొదటిసారి చిత్తూరు మెట్ల మీద కూర్చుంది, నాగులమ్మ పక్కన. నాగులమ్మ తెచ్చిన పొంగలి ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటూ, "నాకూ ఒక జట్టు ఇస్తారా?" అని అడిగింది.

"ఇది పెద్దోళ్ళ ఆట పాపా" అన్నాడు జయచంద్ర.

"సారు జట్టు ఉండాది గదా, ఎవురూ సూసుకోవడంలే. అది నాకు ఇయ్యండి."

ఎవరూ ఎంచుకోని ఆ ఇద్దరు పిల్లలూ ఆమె చేతికొచ్చారు. వాళ్ళలో ఒకతెను పిలిచి, కర్ర ఇంకొంచెం పొట్టిగా పట్టుకొమ్మని ఏదో చెప్పింది. మూడు వారాల్లో రెండుసార్లు కుర్చీ గెలిచింది. కోచింగు ఇస్తూ ఆడటం న్యాయం కాదని రఘునాథ్ గొడవపడ్డాడు. నియమాల్లో ఎక్కడ రాసి ఉందో చూపించమంది నవీన.

ఆ వారాల్లోనే గుణశేఖర్ పుస్తకంలో కొత్త గడులు గీశాడు. క్యాచర్ పట్టిన ప్రతి పది బంతులకు ఒక పాయింటు. పిచ్చర్ తడబడినప్పుడు దగ్గరికి పోయి మాట్లాడితే ఒకటి. తప్పు సరిదిద్దుకున్నట్టుగా ఎంతో శ్రద్ధతో గీసి, నవీనకు చూపించాడు. ఆమె చదివి పుస్తకం తిరిగి ఇచ్చేసింది.

"వద్దు నాయనా."

"ఎందుకమ్మా? నీకు రావలసినవే గదా."

"పాయింట్లు ఏస్తే అందరూ క్యాచర్‌నే సూస్తా కూర్చుంటారు. అప్పుడు నాకు చేతులు వణకతాయి. ఎవురూ సూడకుంటేనే నాకు బాగుంటాది."

"నాగులక్క సూస్తా ఉండాది గదా."

"ఆమె సూస్తే ఏం కాదు" అంది నవీన.

అది వినడానికి అంత సుఖంగా లేదు. అయినా అతను ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసేశాడు.

రాష్ట్ర పోటీల్లో జట్టు మూడో రౌండులో ఓడిపోయి తిరిగొచ్చింది. ఆడిన ప్రతిరోజూ మునీశ్వరి పొద్దునే నవీనకు ఫోన్ చేసేది. ఏం మాట్లాడుకునేవాళ్ళో ఇంట్లో ఎవరూ అడగలేదు. డిసెంబరు నడిమధ్యలో డాక్టరు కట్టు విప్పి, ఆడుకోవచ్చన్నాడు.

సరిగ్గా ఆ వారం ఆదివారమే గుణశేఖర్‌కు డ్యూటీ తప్పలేదు. తోటి గుమాస్తా ఒకరికి తండ్రి పోయాడు, ఇంకొకరు ఊళ్ళో లేరు. తానూ వెంట వస్తానని రేవతి అంటే, బస్సెక్కించి పంపు చాలని నవీన అంది. ఒక్కతే పోయింది.

పొద్దునంతా కౌంటర్లో గుణశేఖర్ చేతులు టికెట్లిస్తున్నాయి గానీ మనసు నిలకడగా లేదు. ఫోన్ గాజు పలక పక్కనే పెట్టుకున్నాడు, తీయలేదు. తొమ్మిదిన్నరకు అదే మోగింది. నాగులమ్మ.

"అన్నా, నువ్వు రాలేదు గదా, చెప్దామని చేసినా."

"చెప్పక్కా. ఎట్లుండాది?"

"పట్టుకుంటా ఉండాది."

వెనక నుంచి మునిప్రసాద్ సారు ఈల, పిల్లల కేకలు వినిపించాయి. ఎన్ని జారినాయని అడగబోయాడు. వేలు నొప్పి ఉందేమో, గ్లౌజు సరిగ్గా పెడుతోందో లేదో, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అవన్నీ మింగేసి అడిగాడు.

"మీ పాప ఎట్లేస్తా ఉండాది?"

"ఈ పొద్దు దానికి బలే కుదిరిందన్నా" అంది నాగులమ్మ. ఆమె గొంతు ఒక్కసారిగా తేటపడింది. "ఉండు, మొదటినుంచీ చెప్తా."

కౌంటరు ముందు కాట్పాడి పోయే ముసలాయన ఒకాయన చిల్లర ఎంచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయనకు తొందరేమీ ఉన్నట్టు లేదు. గుణశేఖర్ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, "చెప్పక్కా" అన్నాడు.